నర్సింహ స్కోరు

"నన్ను దొంగ అని రాసింది ఎవలు?"

గార్డు వెనక నుంచి చొక్కా పట్టి లాగుతూనే ఉన్నాడు. ఆ మనిషి గార్డును కూడా ఈడ్చుకుంటూ అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. నలభై దాటి ఉంటాడు. పొట్టి మెడ, వెడల్పు భుజాలు. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కొట్లాటకు వచ్చేవాడు ఇస్త్రీ చేసుకుని రాడు. ఆ ఇంగితం కూడా లేదు ఆ గార్డుకు.

జూబ్లీహిల్స్ మెయిన్ రోడ్డు మీద, రెండో అంతస్తులో ఉన్న ఆఫీసు అది. లోపలున్న వాళ్లందరికీ ఒక్కసారే పని గుర్తొచ్చింది. తలలు తెరల్లోకి దూర్చేశారు. మంజులత ఒక్కతే లేచింది. రాసింది ఆమె కాబట్టి.

"నేనే రాసిన. కూసోండ్రి," అంది.

"కూసునేటందుకు రాలే మేడం. నా పేరు నర్సింహ. మాది బోరబండ. సినిమా ఫైటర్లల్ల రోప్ పని చేస్త. నా ఫోటో పెట్టి కింద దొంగ స్కోరు అని రాసిండ్రు. ఎట్ల దొంగనో చూపియ్యిండ్రి. చూపిస్తే పోత."

ఇదంతా బాబీ సినిమా తెచ్చిన గొడవ. బాబీ అంటే నిర్మాత సూర్యప్రకాశరావు కొడుకు. రెండు సినిమాలు చేశాడు, రెండూ పోయాయి. ఈ మూడో దాంట్లో వీడియో గేముల కొట్లో పెరిగి ఊరందరినీ ఓడించే కుర్రాడి వేషం. ప్రచారం కోసం ఒక పోటీ పెట్టారు. దాన్ని నడిపించే కంపెనీ సిద్ధార్థది. ఆట పేరు ఫెర్రీమ్యాన్. ఒకప్పుడు సందుల్లో రూపాయి బిళ్ల వేసి ఆడిందే. ఒక నది, ఒక పడవ, పైనుంచి దొర్లిపడే రాళ్లు. జనాన్ని ఒడ్డు దాటించాలి. తిప్పడానికి ఒక కర్ర, దుంగల్ని పక్కకు తొలగించడానికి ఒక హారన్ బటన్. ఆ పెట్టెలన్నీ ఎప్పుడో పాత ఇనుములో కలిసిపోయాయి. ఇప్పుడు ఆ ఆట ఎమ్యులేటర్‌లో దొరుకుతుంది. పాత పెట్టె ఎలా నడిచేదో అలాగే నడిచే కంప్యూటర్ ప్రోగ్రాము అది. ఇంట్లో ఆడి పంపొచ్చు. మొదటి స్థానం వచ్చినవాళ్ల పేరు సినిమా చివర తెర మీద స్కోర్ల పట్టికలో పడుతుంది.

ఇంట్లో ఆడే ఆటకు మోసం కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు. వేగం సగానికి తగ్గించి తాపీగా ఆడొచ్చు. రాయి తగిలితే వెనక్కి పోయి, తగలనట్టు మళ్లీ ఆడొచ్చు. మనిషి వేలు బదులు చిన్న ప్రోగ్రాము చేత బటన్ నొక్కించొచ్చు. ఇవి పట్టుకోవడం మంజులత ఉద్యోగం. ఆడినవాడు ఎప్పుడు ఏం నొక్కాడో ఎమ్యులేటర్ ఒక ఫైల్లో రాసుకుంటుంది, సెకనును అరవై ముక్కలు చేసి మరీ. ఆ ఫైలు తిరిగి నడిపిస్తే అదే ఆట, అవే రాళ్లు, అదే స్కోరు, ముట్టుకునే చెయ్యి లేకుండా తెర మీద నడుస్తుంది. మంజులత అంతకుముందు ఫిల్మ్‌నగర్‌లో ఎడిటింగ్ అసిస్టెంటు. ఫ్రేము ఫ్రేముగా చూడటం ఆమెకు అక్కడ అబ్బింది. మోసం చేసినవాళ్ల ఫోటోలతో పోటీ పేజీలో దొంగల జాబితా పెట్టాలన్నది సిద్ధార్థ ఆలోచన. ఎవరు దొంగో చెప్పే నియమాలు మాత్రం మంజులతే కూర్చుని రాసింది.

ఆమె తెర అతని వైపు తిప్పి, అతని ఫైలే నడిపించి చూపించింది. పడవ ఒడ్డు తాకిన ప్రతిసారీ హారన్ ఒక్కసారి మోగుతోంది. బూ. ఒడ్డు దగ్గర దుంగలుండవు, హారన్‌తో పని లేదు. అయినా మోగుతోంది. ఆట మొదటి నుంచి చివరిదాకా, ఒక్క ఒడ్డు కూడా తప్పకుండా.

"మనిషైతే పని లేకుంట ఇన్నిసార్లు ఒక్క తీరుగ నొక్కడు," అంది మంజులత. "ప్రోగ్రాం నొక్కిందన్నట్టు."

నర్సింహ వంగి చూశాడు. ముఖంలో కోపం పోయి, సిగ్గుపడ్డట్టు నవ్వాడు. బోరబండ స్టేషన్ దగ్గర కొట్టులో అతను ఆడిన పెట్టె మీద ఎవరో కూల్‌డ్రింకు ఒలకబోశారట. హారన్ బటన్ అతుక్కుపోయేదట. ఒడ్డు మీద ఒకసారి నొక్కి వదిలించుకోకపోతే నది మధ్యలో మోగేది కాదట. కొట్టు పోయింది, పెట్టె పోయింది, వేలు మాత్రం ఆ అలవాటు మానలేదని చెప్పాడు.

నమ్మొచ్చు. కానీ ఈ కుర్చీలో కూర్చున్నాక మంజులత ఇలాంటివి చాలా విన్నది. కీబోర్డు మీద పిల్లి నడిచిందని చెప్పినవాడున్నాడు. కరెంటు ఎక్కువ తక్కువై ఆట దానంతటదే నెమ్మదించిందన్నవాడున్నాడు. మరి నియమం ప్రకారం ఆడేటప్పుడు తీసి పంపాల్సిన చేతుల వీడియో సరిగా ఎందుకు పంపలేదని అడిగింది. పంపానన్నాడు. పంపాడు నిజమే. స్టీలు గ్లాసుకు ఫోను ఆనించి తీశాడు. అందులో రెండు నల్లటి నీడలు తప్ప ఏమీ కనిపించదు.

"ఇగో, గీడ పెట్టె ఉన్నది కద," హాల్లో అలంకారానికి కొత్తగా చేయించి, లోపల ఎమ్యులేటర్ పెట్టిన ఆట పెట్టె వైపు చెయ్యి చూపించాడు. "నీ ముందల్నే ఆడుత. చూసి రాయి."

ఆమె ఏదో అనేలోపు సిద్ధార్థ గదిలోంచి బయటికి వచ్చాడు. ముప్పై అయిదేళ్లవాడు, ఎప్పుడూ గొంతు పెంచడు. చూడండి నర్సింహగారూ అంటూ మొదలుపెట్టాడు. ఒకరికి అవకాశమిస్తే రేపు వందమంది తలుపు దగ్గర నిలబడతారని, రిఫరీ మంజులత మాటే చివరి మాటని, అది నియమాల్లో ఉందని మెత్తగా చెప్పాడు. నర్సింహ ఆ మెత్తదనాన్ని కాసేపు చూశాడు.

"సార్, నేను తాడు పట్టెటోన్ని. మూడంతస్తుల మీద ఒకడు బెల్టు కట్టుకుని ఏలాడుతుంటే, కింద ఆని పానం నా చేతుల ఉంటది. మొన్న ఫైట్ మాస్టర్ నా తాడు ఇంకోనికిచ్చిండు. ఎందుకన్నా అంటె, పోరగాళ్లు నీ ఫోటో చూసిండ్రు, భయపడుతున్నరన్నడు. దొంగ అన్నోని తాడుకు ఎవడు ఏలాడతడు సార్?"

సిద్ధార్థ సారీ చెప్పి గార్డు వైపు చూశాడు.

నర్సింహ వెళ్లిపోయాక మంజులత అతని పేరు మీద మౌస్ పెట్టి కూర్చుంది. 'మళ్లీ పరిశీలిస్తున్నాం' అని మార్చే అధికారం ఆమెకుంది. ఒక్క నొక్కుడు పని. మార్చలేదు. నియమం తనది. చేసినవాడికి తన పని మీద ఎంత నమ్మకముంటుందో అంత మొండితనం ఉంటుంది.

వారం తిరక్కముందే బాబీ స్కోరు వచ్చింది. సినిమా ప్రచారం చూసే శ్రీనిధి హార్డ్‌డ్రైవ్ చేతిలో పట్టుకుని స్వయంగా వచ్చింది. వెంట ఆఫీసు మొత్తానికి సరిపడా స్వీట్లు. హీరోగారు ఎవరికీ చెప్పకుండా మామూలు మనిషిలా పోటీలో ఆడారని, స్కోరు చూసి తమకే మతిపోయిందని, సాయంత్రానికి ఆమోదం ఇస్తే పోస్టరు సిద్ధంగా ఉందని గడగడా చెప్పేసింది. స్కోరు పంపకముందే పోస్టరు ఎలా సిద్ధమైందని మంజులత అడగలేదు. సినిమావాళ్ల దగ్గర పోస్టరే ముందు పుడుతుంది.

ఫైలు నడిపించింది. వేగం సరిగ్గా ఉంది. వెనక్కి పోయిన జాడ లేదు. ఆట సమయం ఎక్కడా తెగలేదు. మనిషి ఆడిన ఆటే, అందులో అనుమానం లేదు. చేతుల వీడియో తెరిచింది. రెండు వైపుల నుంచి లైట్లు పెట్టి తీశారు, ఒక్క నీడ లేదు. కెమెరా ముందు బాబీ ముఖం మీద ఉంది. నవ్వాడు, మెడ విరుచుకున్నాడు. కెమెరా కిందికి దిగింది. ఎర్ర చొక్కా చేతులు, మణికట్టుకు పెద్ద గడియారం, కర్ర, బటన్. ఆట మొదలైంది. పడవ మొదటి ఒడ్డు తాకింది.

బూ.

మంజులత చెయ్యి మౌస్ మీద నుంచి తీసేసింది.

రెండో ఒడ్డు. బూ. మూడో ఒడ్డు. బూ. నర్సింహ ఫైలు తెచ్చి పక్కన పెట్టింది. ఆటలు వేరు, రాళ్లు వేరు. వేలు ఒక్కటే. వీడియో మళ్లీ మొదటి నుంచి ఫ్రేము ఫ్రేముగా చూసింది. కెమెరా ముఖం మీద నుంచి కిందికి దిగేటప్పుడు కాసేపు ఖాళీ పెట్టె తప్ప మనిషి లేడు. ఫిల్మ్‌నగర్‌లో ఇలాంటివి ఆమె చేత్తో ఎన్ని అతికించిందో. ఇంతవరకూ హీరో, ఇక్కణ్ణుంచి డూప్. ఆట మధ్యలో ఆ చెయ్యి ఒకసారి ప్యాంటుకు తుడుచుకుంది. చెమటకు మేకప్పు చెదిరి, అరచేతి అంచున తాడు కోసి మానిన చర్మం నున్నగా మెరిసింది.

స్కోరు బాబీది కాదు. అది సరే. ఆ హారన్ ప్రోగ్రాముది కూడా కాదు. ఈ రెండోది తెలిసినప్పుడు మంజులత లేచి వెళ్లి ముఖం కడుక్కుంది. మళ్లీ వచ్చి కూర్చోలేక, బ్యాగు తీసుకుని ఆఫీసు దిగిపోయింది.

నర్సింహ ఇల్లు ఆమె ఉండే గల్లీకి పై గల్లీలోనే ఉంది. ఇన్నేళ్లు ఒకే గుట్ట ఎక్కి దిగుతూ ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు. అతను గోడ మీద మోకాళ్ల ప్యాడ్లు ఎండేస్తున్నాడు. ఆమెను చూసి ఆశ్చర్యపోలేదు. లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు.

"చూసినవా ఆట?" అని అడిగాడు. "నాలుగో నదిల మూడు రాళ్లు ఒక్కపారి పడ్డయి చూడు, ఆడ చూసినవా?"

చూశానంది. ఆ సందులోంచి పడవ దూరిన తీరు చూసి, ఎవరి ఆటో తెలియకముందు, ఆమె కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్న మాట నిజం. అది కూడా చెప్పింది. అతను తల ఊపాడు. పని బాగా చేశావంటే చాలు, చేసిన పని ఎవరి ఖాతాలో పోయిందన్నది తర్వాతి సంగతి, అలాంటి తల ఊపు. మంజులతకు ఒళ్లు మండింది. అతని మీదా, తన మీదా.

ఏం జరిగిందో అతనే చెప్పాడు. ఆఫీసుకొచ్చి పోయిన మర్నాడు సిద్ధార్థ ఫోన్ చేసి పిలిచాడు. ఆదివారం, ఆఫీసులో ఎవరూ లేరు. సిద్ధార్థ, శ్రీనిధి ఇద్దరే. ఆ హాల్లో పెట్టె మీదే ఆడించారు. వాళ్లిద్దరూ చెరో పక్కన నిలబడి చూశారు. ముందు ఆడిన స్కోరు కూడా దాటేశాడు. తర్వాత కారెక్కించుకుని ఫిల్మ్‌నగర్‌లో ఒక ఇంటికి తీసుకుపోయారు. మేకప్ మనిషి చేతుల మీద వెంట్రుకలు గీసి, రంగు వేశాడు. బాబీ చొక్కా తొడిగి, అక్కడి పెట్టె మీద ఆడించి తీశారు.

"అంటె నువ్వు దొంగవు కాదని ఆళ్లకు ఎర్కనే," అంది మంజులత.

"ఎర్కయినంకనే అడిగిండ్రు బిడ్డా. చేతులియ్యి, ఫోటో తీసేస్తమన్నరు."

"నువ్వెట్ల ఒప్పుకున్నవన్నా?"

నర్సింహ ఒక ప్యాడు తిప్పి వేశాడు. అద్దాల్లోంచి దూకాడు, మంటల్లో పరిగెత్తాడు, గుర్రం మీద నుంచి పడ్డాడు, అన్నీ ఎవరెవరి పేర్ల మీదనో. ఇప్పుడు కొత్తగా రోషపడమంటే ఎలా అన్నాడు. తనకు కావలసింది తాడు. తాడు కావాలంటే ఆ ఫోటో పోవాలి. అంతే లెక్క.

మంజులత బాబీ స్కోరును ఆపేసింది. ఆమోదం ఇవ్వనని సిద్ధార్థకు చెప్పింది. నర్సింహ ఫోటో ఇప్పటికిప్పుడు తీసేయాలంది. సిద్ధార్థ తలుపు వేసి, తగ్గు గొంతుతో చాలాసేపు మాట్లాడాడు. కంపెనీ నిలబడేది ఈ ఒక్క సినిమా మీద అన్నాడు. తను ఆదివారం చూసింది నిజమేనన్నాడు. తీసేద్దాం, సినిమా ఫంక్షన్ అయిపోనీ అన్నాడు. తనే తీసేస్తానని మంజులత కుర్చీకి తిరిగొచ్చి చూస్తే, జాబితా ముట్టుకునే అధికారం ఆమె పేరు మీద నుంచి అప్పటికే ఎత్తేశారు. స్కోర్లకు ఆమోదం చెప్పే బటన్, పోటీ పేజీ మీద రిఫరీ మాట రాసే అధికారం మాత్రం ఉంచారు. రిఫరీ పేరు లేకపోతే ఎవడూ నమ్మడు కదా.

మర్నాడు సూర్యప్రకాశరావే వచ్చాడు. తన దగ్గరికి పిలిపించుకోకుండా తానే మెట్లెక్కి రావడం ఆయన మర్యాద. ఆ మర్యాద బరువు ఎదుటివాళ్ల నెత్తిన పెట్టడం ఆయన వ్యాపారం. తెల్లచొక్కా, తెల్లప్యాంటు. మంజులత ఎదురుగా మామూలు కుర్చీలో కూర్చున్నాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"బోరబండ సార్."

"అది కాదమ్మా. అసలు ఊరు."

"అసలు ఊరు గూడ బోరబండనే."

ఆయన నవ్వాడు. పాట ఎవరో పాడతారు, గొంతు ఎవరో ఇస్తారు, మేడ మీద నుంచి ఎవరో దూకుతారు అన్నాడు. ఆ అందరి కంచాల్లో అన్నం హీరో ముఖం వల్ల పడుతుందన్నాడు. "ఇందులో మోసం ఏవుందమ్మా? చేతులిచ్చినవాడు ఏడవడం లేదు. పుచ్చుకున్నవాడు కాదనడం లేదు. మధ్యలో మీకొచ్చిన కష్టం ఏంటి?"

వంచన లేని గొంతు. అదే మంజులతను భయపెట్టింది. ఆయన అబద్ధమాడటం లేదు. ఆయనకు నిజంగానే అందులో తప్పు కనిపించడం లేదు. సినిమాలో డూప్ ఉంటాడని టికెట్టు కొన్నవాడికి తెలుసు, పోటీలో ఆడినవాడికి తెలియదు అంది. ఊళ్లల్లో పిల్లలు, పెద్దలు ఆడి పంపుతున్నారంది.

"బాబీగారు ఒక్కసారి జనం ముందు ఆడితే చాలు సార్. ఎంత స్కోరన్న రానీ. దాని మీద సంతకం పెడత."

సూర్యప్రకాశరావు సిద్ధార్థ వైపు చూశాడు. సిద్ధార్థ ఒక క్షణం ఆలోచించి తల ఊపాడు. ఆ తల ఊపులో అంత తేలిక ఎందుకుందో మంజులత అప్పుడే ఆలోచించాల్సింది. గెలిచాననుకుని పొంగిపోయింది.

"ఆడతాడమ్మా. స్టేజీ మీదే ఆడతాడు," అన్నాడు ఆయన.

ఫిల్మ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలు. మధ్యాహ్నం నుంచే అభిమానులు నిండిపోయారు. రెండు సినిమాలు పోయిన హీరోకు ఇంతమంది ఎక్కణ్ణుంచి వచ్చారంటే, బస్సుల్లో తెచ్చారు. స్టేజీ మధ్యలో ఆట పెట్టె, వెనక గోడంత తెర. పెట్టె వెనక నుంచి ఒక తీగ కర్టెను చాటుకు పోతోంది. మంజులతను రిఫరీ అని రాసిన బ్యాడ్జీ పెట్టి స్టేజీ పక్కన నిలబెట్టారు. హాలు వెనక గోడ దగ్గర నర్సింహ, ఇంకొందరు ఫైటర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

స్టేజీ ఎక్కబోతూ బాబీ ఆమె దగ్గర ఆగాడు. దగ్గరగా చూస్తే చిన్నవాడు. మేకప్పు కింద చెమట. ఏదో అడగాలని అటూ ఇటూ చూసి, "ఎంతసేపు నిలబడాలి మేడం?" అన్నాడు.

ఎంతసేపు ఆడాలి అనలేదు. మంజులతకు ఆ మాట చెవిలోనే ఉండిపోయింది.

ఆట మొదలైంది. మొదటి నది సగం దాటకముందే ఆమెకు అర్థమైంది. ఆడేవాడు కర్ర ఎటు తిప్పితే దాన్ని బట్టి రాళ్లు పడే ఆట ఇది. రెండు ఆటలు ఒక్కలా రావు. ఈ రాళ్లు ఆమెకు తెలుసు. తన టేబుల్ మీద ఫ్రేము ఫ్రేముగా చూసిన రాళ్లు. కర్టెను చాటున ఎవరో బాబీ పేరు మీద వచ్చిన ఆ ఫైలునే నడిపిస్తున్నారు. బాబీ కర్ర తిప్పుతున్నాడు, పడవ దాని పాటికది పోతోంది. మోసం పట్టుకోవడానికి ఏది ఉందో దాంతోనే మోసం చేస్తున్నారు. ఆమె సిద్ధార్థ వైపు చూసింది. సిద్ధార్థ ఫోను చూసుకుంటున్నాడు.

అరవాలా, పోయి తీగ పీకాలా అని ఆమె తేల్చుకోకముందే, ముందు వరసలో ఎవడో బాబీ పేరు పెట్టి గావుకేక పెట్టాడు. హీరో కదా. కేక వినపడితే చేతులు వాటంతటవే లేస్తాయి. బాబీ రెండు చేతులూ పైకెత్తి ఊపాడు.

పడవ ఆగలేదు. మూడు రాళ్ల సందులోంచి వంపు తిరిగి, ఒడ్డు తాకింది. బూ అని హారన్ మోగింది. చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

హాలు నిశ్శబ్దమైపోయింది. ఒక్కడు కాదు, హాలు మొత్తం చూసింది. వందల ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. అయిపోయింది, తను నోరు తెరవాల్సిన పని కూడా లేకుండా అయిపోయింది అనుకుంది మంజులత.

వెనక నుంచి ఒక ఈల వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత హాలు పైకప్పు ఎగిరిపోయింది. చేతులెత్తేసి ఆడుతున్నాడ్రా మావోడు అని ఒకడు కుర్చీ ఎక్కాడు. కాగితాలు చింపి ఎగరేశారు. బాబీ ముందు బిత్తరపోయాడు, తర్వాత అర్థం చేసుకున్నాడు. ఈసారి కావాలనే చేతులెత్తాడు. ఆ తర్వాత జనమే అడిగి ఎత్తించారు. వెనక గోడ దగ్గర ఫైటర్లు హారన్ మోగినప్పుడల్లా నర్సింహ వీపు మీద చరిచి పడీ పడీ నవ్వుతున్నారు. వాళ్లకు తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. నర్సింహ కూడా నవ్వుతున్నాడు.

తెల్లారేసరికి ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. చేతుల్లేకుండా ఆడిన హీరో అని కింద రాశారు. అది మోసమని రాసినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు కడుపుమంట అని పేరు పెట్టారు.

మంజులత పొద్దున్నే కూర్చుని తన దగ్గరున్నదంతా ఒకచోట చేర్చింది. రెండు ఫైళ్లు పక్కపక్కన. హారన్ మోగిన ప్రతి చోటు. మేకప్పు చెదిరిన అరచెయ్యి. కింద సూటిగా రాసింది. నర్సింహ స్కోరు నిజమైనది, పొరపాటు నాది, బాబీ స్కోరు నర్సింహ ఆడింది. ఉద్యోగం పోతుంది, పోనీ. పోటీ పేజీలో పెట్టేముందు ఒక్కసారి నర్సింహకు చూపించాలని, అతను షూటింగ్‌లో ఉన్నాడని తెలిసి అక్కడికి బయల్దేరింది.

జూబ్లీహిల్స్ గుట్ట మీద షూటింగ్‌కు కిరాయికిచ్చే బంగళా అది. పెరట్లో క్రేన్ నిలబెట్టారు. క్రేన్ కొసన కప్పీ, కప్పీ మీదుగా తాడు, తాడు చివర పృథ్వీరాజ్ అనే ఫైటర్ బెల్టుకు వేలాడుతున్నాడు, మూడో అంతస్తు బాల్కనీకి ఎదురుగా. తాడు రెండో కొస కింద నర్సింహ చేతుల్లో ఉంది. కాళ్లు ఎడంగా పెట్టి, నడుము వెనక్కి వేసి, తల పైకెత్తి ఉన్నాడు.

మంజులత వచ్చింది అతనికి తెలిసింది. కళ్లు దించలేదు.

"పొద్దుగాల్నే ఫోటో తీసేసిండ్రు," అన్నాడు. "మాస్టరే ఫోన్ చేసిండు, రారా అని."

ఆమె లాప్‌టాప్ తెరిచి పట్టుకుని, తను రాసింది చదివి వినిపించింది. అతను విన్నాడు. తాడు కొంచెం వదిలి, మళ్లీ బిగించాడు.

"నేను సక్కగ ఆడిననాడు దొంగనన్నరు, తాడు గుంజుకున్నరు. మొన్న చేసింది దొంగపని. అది చేసినంక తాడు చేతికొచ్చింది. ఇప్పుడు నువ్వు నిజం రాస్తనంటవ్. మంచిదే. ఇంకొకని పేరు మీద ఆడినోనికి నీ నియమంల ఏం రాసినవ్ బిడ్డా?"

మంజులతకు ఆ నియమం అక్షరం పొల్లుపోకుండా తెలుసు. జీవితకాలం నిషేధం, ఫోటోతో సహా. ఆడించుకున్నవాడికీ, ఆడినవాడికీ. బాబీ మీద అది ఎవడూ పెట్టడు. పెట్టేది ఒక్కడి మీదే.

"రాస్తె రాయి. నేను వద్దన," అన్నాడు నర్సింహ, చూపు పైనే ఉంచి. "కని పైన పోరడున్నడు. ఆనికిద్దరు పిల్లలు. ఆన్ని అడిగి రాయి."

ఆమె తలెత్తింది. ఎండలో పృథ్వీరాజ్ కాళ్లు వదులుగా ఊపుకుంటూ, చేతులు తల వెనక పెట్టుకుని, మంచం మీద పడుకున్నవాడిలా ఉన్నాడు. కిందికి చూసి ఆమెనే పిలిచాడు.

"అక్కా, జర పక్కకు జరుగు. ఫ్రేముల ఉన్నవ్."

జరిగింది. జనరేటర్ వ్యాన్ పక్కన నీడలో ఇటుకల మీద కూర్చుంది. రాసింది మొత్తం తుడిచేసింది. పక్కపక్కన పెట్టిన ఫైళ్లు, అరచేతి బొమ్మ, అన్నీ తీసేసింది. బాబీ స్కోరు ఆగినంతకాలం ఆ ఫోటో మళ్లీ ఎక్కొచ్చు. దాన్ని తెరిచి ఆమోదం నొక్కింది. ఈ స్కోరును మీరు స్వయంగా, ఫ్రేము ఫ్రేముగా పరిశీలించారా అని కంప్యూటర్ అడిగింది. ఆ ప్రశ్న కూడా ఆమె రాసి పెట్టిందే, దొంగ రిఫరీలు రాకుండా.

అవును అని కొట్టింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.